పసిబిడ్డ కళకు పగవాడు కాడు

మన గృహములయందు చిరకాలముగా నాటుకొని, విద్యావంతుల గోష్ఠులయందు సైతము ప్రశ్నింపబడక చెల్లుబాటగుచున్న అభిప్రాయ మొకటి కలదు. బిడ్డలను పెంచు కాలమున కళాసాధనకు తావు లేదనియు, తల్లియైన స్త్రీ వీణను గాని కుంచెను గాని కలమును గాని ప్రక్కన బెట్టి, పిల్లలు చేతికి అందివచ్చిన పిమ్మట మరల చేపట్టుటయే ధర్మమనియు, అట్లు చేయని తల్లి తన బిడ్డలకు చెందవలసిన ప్రేమలో కొంత భాగమును తన ముచ్చటకు వెచ్చించుచున్నదనియు దాని సారము. ఈ మాట కఠినముగా పలుకబడదు. మిక్కిలి వాత్సల్యముతో, హితోపదేశరూపముననే పలుకబడును. "ఇప్పుడేం తొందరమ్మా, పిల్లలు కాస్త పెద్దవాళ్లవనీ" అని అత్తగారు అనును. "ఈ వయసులో వాళ్లకు నువ్వే కావాలి కదే" అని కన్నతల్లియు అనును. పెండ్లిచూపులనాడు పాట పాడించుకొని మెచ్చుకొన్న మగడు ఏమియు అనడు. ఆ మౌనముతో తీర్పు ముగియును. వీణ అటుక మీదికి ఎక్కును.

ఈ తీర్పు తప్పని నా దృఢవిశ్వాసము. ఇందు మూడు ప్రతిపాదనలు ఒకదాని నొకటి ఆనుకొని నిలిచియున్నవి. కళకు ఎడతెగని తీరికయు, అలికిడి లేని ఏకాంతమును అత్యావశ్యకములనుట మొదటిది. కళకిచ్చిన ఘడియ బిడ్డనుండి దొంగిలించిన ఘడియ యనుట రెండవది. నేడు ఆగిన సాధన యిరువదేండ్ల పిమ్మట ఆగినచోటినుండియే సాగుననుట మూడవది. ఈ మూడింటిలో ఏదియు పరీక్షకు నిలువదని నిరూపించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. బిడ్డ కళకు శత్రువు కాడు. ఇంటిచాకిరి యంతయు ఒక్కరి తలమీదనే పడవేసి, ఆ అన్యాయమునకు బిడ్డ పేరు పెట్టుటయే అసలు శత్రువు.

మొదటి ప్రతిపాదనకు మన సాహిత్యమునందే ఒక ఘనమైన ఆధారము కలదు. అల్లసాని పెద్దన పేర వ్యవహరింపబడుచున్న ప్రసిద్ధమైన చాటుపద్యమును వినని సాహిత్యాభిమాని యుండడు. ఏ అలజడియు లేని చోటు, చెలికత్తె యందించు కర్పూరతాంబూలము, మనసునకు నచ్చిన విందు, తూగుటుయ్యెల, మంచిచెడ్డలను నిర్ణయింపగల రసికులు, భావమును పట్టుకొనగల వ్రాయసగాండ్రు సమకూడినగాని కావ్యరచన సాధ్యము కాదని ఆ పద్యముయొక్క తాత్పర్యము. తరతరములుగా మనవారు దీనిని కవిధర్మముగా వల్లించుచున్నారు. ఆ విందును వండినవారెవరు? ఆ చోటికి పసివాని యేడ్పు వినబడకుండ వానిని చంకనెత్తుకొని పెరటిలోనికి పోయినవారెవరు? కవియొక్క తీరిక ఆకాశమునుండి ఊడిపడినది కాదు. మఱియొకరి తీరికను హరించి ఆతనికి సమర్పించినది. ఆస్థానకవికి అది సౌకర్యమే కావచ్చును. దానిని కళకు షరతుగా విధించుట మాత్రము, అట్టి యేర్పాటును ఏనాడును పొందజాలని వారినందఱిని కళాక్షేత్రమునుండి వెలివేయుటయే యగును. పెద్దన మహాకవి, మనుచరిత్రము మన భాగ్యము. కాని యొక మహాకవి అనుభవించిన వసతియే ఆతని మహాకవిత్వమునకు కారణమని నమ్ముట తర్కము కాదు. అంతకు మించిన వసతులతో బ్రతికిన సంపన్నులు ప్రతి యుగమునందును గలరు. వసతి వారిని కవులను చేయలేదు.

ఆ తూగుటుయ్యెల లేనివారు ఏమి సృజించిరో చూడుడు. తెలుగునాట స్త్రీల రామాయణపు పాటలు అను సారస్వత మొకటి కలదు. కౌసల్య వేవిళ్లు, ఊర్మిళాదేవి నిద్ర, కుశలవుల కథ మొదలగు ఈ పాటలను ఎవరు కట్టిరో మనకు తెలియదు. ఎవరు పాడుకొనిరో తెలియును: దంపుచు, విసరుచు, తొట్టె నూపుచు, చంటివారిని ఒడిలో నిద్రపుచ్చుచు మన అవ్వలు, ముత్తవ్వలు పాడుకొనిరి. పండితుల కావ్యములు శ్రీరాముని జననమును గ్రహస్థితులతోను దేవతల హర్షముతోను వర్ణించి ముందునకు సాగిపోగా, ఈ పాటలు కౌసల్య వేవిళ్లవద్ద నిలుచును, ఆమె పురిటినొప్పులవద్ద నిలుచును, బిడ్డను తొట్టెలో వేయు వేడుకవద్ద నిలుచును. మగనితో అడవికి పోయిన సీతనేగాక, పదునాలుగేండ్లు ఇంట నిలిచిన ఊర్మిళను గూడ తలచును. ఆ చూపు ఎక్కడినుండి వచ్చినది? కని పెంచిన అనుభవమునుండియే వచ్చినది. మాతృత్వము వారి కళకు అడ్డుపడలేదు సరికదా, కావ్యకర్తలు చూడని రామాయణమును వారికి చూపించినది. ఆ పాటల నడకయు ఆ బ్రతుకునకు తగినదే. అది రోకటిపోటుతో కలిసి నడచును; బిడ్డ లేచినచో ఒక చరణమువద్ద ఆగి, వాడు మరల నిద్రించిన పిమ్మట ఆ చరణమునుండియే అందుకొనును. అంతరాయము ఆ కళకు బయటినుండి వచ్చిపడిన విఘ్నము కాదు. దాని నిర్మాణమునందే అంతరాయమునకు చోటు కలదు.

పొరుగుననున్న మహారాష్ట్రమున, జళగావ్ ప్రాంతమున, బహిణాబాయి చౌధరి (1880-1951) అను రైతుస్త్రీ యుండెను. ఆమెకు అక్షరములు రావు. చిన్నవయసుననే వితంతువై ముగ్గురు బిడ్డలను పెంచవలసిన భారము ఆమెపై బడెను. తిరుగలి విసరుచు, చేలలో పాటుపడుచు ఆమె తన మాండలికమున కట్టిన పాటలను కొడుకు సోపాన్‌దేవ్ మొదలగువారు విని వ్రాసిపెట్టిరి. ఆమె కన్నుమూసిన మరుసటి యేట, 1952లో, అవి గ్రంథరూపమున వెలువడి మరాఠీ కవిత్వమున శాశ్వతస్థానమును పొందినవి. చాటుపద్యము కోరిన వ్రాయసగాడు ఆమెకును దొరకెను. ఆతడు ఆమె ఒడిలో పెరిగిన బిడ్డయే.

ఇట్టిది జానపదగానమునకే చెల్లును గాని లిఖితసాహిత్యమునకు చెల్లదని కొంద ఱనవచ్చును. కెనడా దేశపు ఆలిస్ మన్రో కుమార్తెలను పెంచుచు, వారు నిద్రించు వేళలలో వ్రాయుచు, నవలకు వలసిన దీర్ఘకాలము దొరకకనే కథారచనయందు కుదురుకొంటినని తానే చెప్పుకొన్నది. ఆ కథలే 2013లో ఆమెకు నోబెల్ బహుమానమును తెచ్చినవి. అమెరికాలో టోనీ మారిసన్ ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుచు, ప్రచురణసంస్థలో ఉద్యోగము చేయుచు, వారు లేవకమునుపు తెల్లవారుజామున కూర్చుండి వ్రాసిన తొలి నవల 1970లో వెలువడినది. ఆమెకును 1993లో ఆ బహుమానమే లభించినది. వంగదేశపు ఆశాపూర్ణాదేవి బడి గడప త్రొక్కినది కాదు. చిన్ననాటనే పెండ్లియై, ఇంటిపనులన్నియు చక్కబెట్టుకొనుచునే నవలలు వ్రాసి, 1976 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారముతో ఆ గౌరవమందిన తొలి మహిళ యయ్యెను. ఏ నాలుగు గోడలు ఆమెను బంధించినవని లోకము జాలిపడునో, ఆ గోడలనడుమ మూడు తరముల స్త్రీలు పడిన వేదనయే ఆమెకు వస్తువైనది. మన భానుమతి రామకృష్ణ నటియై, గాయనియై, 1953లో ‘చండీరాణి’ చిత్రమునకు మూడు భాషలలో దర్శకత్వము వహించి, అత్తాకోడండ్ల సంసారమునుండియే అత్తగారి కథలను పుట్టించినది. తన చిత్రనిర్మాణసంస్థకు ఆమె పెట్టుకొన్న పేరు తన కొడుకు భరణి పేరే.

చిత్రకళ సంగతియు ఇట్టిదే. జర్మనీ దేశమున కేతె కోల్విత్స్ బెర్లిను కార్మికవాడలో వైద్యుడైన భర్తతో కాపురము చేయుచు, ఇద్దరు పసివారిని పెంచుచున్న 1893-1897 సంవత్సరములలోనే ‘నేతగాండ్ర తిరుగుబాటు’ చిత్రమాలికను ముగించి ఖ్యాతి గడించెను. 1903లో చచ్చిన బిడ్డను కౌగిలించుకొన్న తల్లి చిత్రమును చెక్కునప్పుడు, ఏడేండ్ల తన కొడుకు పేటర్‌ను ఒడిలో పెట్టుకొని, అద్దములో చూచుకొనుచు తన్నే గీసికొనెను. బిడ్డ పనికి అడ్డము రాలేదు. బిడ్డయే పనికి ఆధారమైనాడు. 1910లో ఈస్టరు సెలవులకు కొడుకు లిద్దరును ఊరికి పోగా, దినమంతయు పనిచేయుటకు వీలు చిక్కినప్పటికిని, ఆమె తన దినచర్యలో వ్రాసికొన్నది వేఱు: అతి కొద్ది వ్యవధి దొరకిన పూర్వపు రోజులలోనే తన సృజనశక్తి అధికముగా నుండెననియు, అప్పుడు తాను జీవితమునందలి సమస్తమునందును మమేకమై బ్రతికితిననియు ఆమె తలపోసెను. గంటలకును ఫలమునకును సరళమైన అనుపాతము లేదనుటకు ఇంతకంటె ప్రామాణికమైన సాక్ష్యము నేనెఱుగను.

ప్రతిపక్షమునందలి బలమైన సాక్ష్యమును దాచిపెట్టి వాదించుట న్యాయము కాదు. వర్జీనియా వుల్ఫ్ 1929లో ప్రకటించిన గ్రంథమునందు, స్త్రీ నవల వ్రాయవలెనన్న సొంతగదియు, ఏటికి ఐదువందల పౌనుల ఆదాయమును వలయునని వాదించుచు, పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల నవలాకర్త్రులలో అగ్రగణ్యలైన నలుగురికిని సంతానము లేదని ఎత్తిచూపెను. ఆ మాట సత్యమే. కాని ఆమె యడిగినది గదిని, ధనమును. స్త్రీలను తరతరములుగా పేదలుగా నుంచిన వ్యవస్థను ఆమె నిలదీసెను. ఆ గ్రంథమును ‘తల్లులు వ్రాయజాలరు’ అను తీర్పునకు ఆధారముగా వాడుకొనువారు వాదమును తలక్రిందులు చేయుచున్నారు. గది లేకపోవుట లోపమైనచో గది నీయవలెను. చేతిలోని కలమును లాగికొనరాదు.

రెండవ ప్రతిపాదన మఱింత సున్నితమైనది. అందుచేతనే మఱింత హానికరమైనది. బిడ్డకు అన్నము, రక్షణ, లాలన, పలకరింపు - వీనిలో ఏదియు లోపింపరాదు. ఈ విషయమున నాకు ఎవరితోను వివాదము లేదు. ప్రతిభ పేర బిడ్డలను గాలికి వదలిన కళాకారులను నేను సమర్థింపను. శిశుశిక్షణమును గూర్చి ‘ఎమీల్’ అను గ్రంథమును 1762లో ప్రకటించిన రూసో తన బిడ్డల నైదుగురిని అనాథశరణాలయమునకు అప్పగించెను. ఏ గ్రంథగౌరవమును ఆ దోషమును కడిగివేయజాలదు. నేను చెప్పునది వేఱు. ఈ యవసరములన్నియు తీర్చిన పిమ్మట బిడ్డకు మఱియొక యవసరము మిగిలియుండును: తనను పెంచువారు తమకంటె గొప్పదైన యొక విషయమునందు లీనమై, తప్పులు చేసి, తుడిచి, మరల యత్నించి, సాధించుటను దినదినమును కన్నులార చూచుట. ఏకాగ్రత యననేమో, శ్రమయందలి యానందమననేమో బిడ్డకు బోధించుట మాటలవలన సాధ్యము కాదు.

కూచిపూడి గ్రామమున నాట్యము తరతరములుగా నిలిచినది ఏ పాఠ్యప్రణాళికవలనను గాదు. తండ్రి గజ్జె కట్టుటను, తాత జతులు చెప్పుటను చూచుచు పెరిగి, తప్పటడుగుల యీడుననే తాళపు అడుగులు నేర్చిన బాలురవలన నిలిచినది. తోలుబొమ్మలాట కుటుంబములలో ఆడవారును మగవారును తెరవెనుక బొమ్మల నాడించుచు పాడుచుండగా, పిల్లలు ఆ దీపపు వెలుగుననే పెరిగి ఆ విద్యను అందుకొనిరి. తాళ్లపాకవారి యింటిని చూడుడు. అన్నమాచార్యుల భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించెను. కుమారుడు పెదతిరుమలాచార్యుడు తానును సంకీర్తనకర్తయై, తండ్రి పాటలను రాగిరేకులమీద చెక్కించెను. మనుమడు చిన్నన్న తాతగారి చరిత్రను ద్విపదలో వ్రాసెను. 1503లో దివంగతుడైన ఆ వాగ్గేయకారుని పాట నేడు మన పిల్లల నోట పలుకుచున్నదన్న, అది ఆ రేకులు తిరుమల కొండమీద భాండాగారమున భద్రముగా నిలిచినందుననే. బిడ్డలు పెద్దవారగుదాక అన్నమయ్య పాటను కట్టిపెట్టియుండినచో ఆ రేకులు ఉండెడివి కావు. ఇంటిలో వినని పాటను ఏ కొడుకును రాగిమీద చెక్కింపడు.

నేటి తల్లిదండ్రులు బిడ్డకు కళ రావలెనని కోరనివారు కారు. హైదరాబాదులోనైన, విజయవాడలోనైన, అమెరికాలోని డాలసులోనైన సాయంకాలము కాగానే పిల్లలను కారులో ఎక్కించుకొని సంగీతము క్లాసునకు, కూచిపూడి క్లాసునకు, డ్రాయింగు క్లాసునకు కొనిపోయి, గంటసేపు బయట ఫోను చూచుచు వేచియుండి, మరల ఇంటికి తెచ్చుచున్నారు. వేచియున్న ఆ తల్లికి ఒకప్పుడు వర్ణములు, కీర్తనలు వచ్చెడివి; ఆ సంగతి బిడ్డకు తెలియదు, ఏలయనగా ఆ గొంతు బిడ్డ పుట్టిననాటినుండి ఇంట వినబడలేదు. ఆ బిడ్డ నేర్చుకొను పాఠమేమి? కళ యనగా చిన్నవారిచేత చేయింపబడు హోంవర్కు వంటిది, పెద్దవారైనంతనే మానివేయదగినది అని. ఆడపిల్లకు ఈ పాఠము మఱింత క్రూరముగా అందును: నీవు ఎంత సాధించినను, నీకొక బిడ్డ కలిగిననాడు ఇదంతయు ముగియునని తల్లి బ్రతుకే ఆమెకు చెప్పుచున్నది. తల్లి తన్ను తాను ఆర్పుకొనుట త్యాగమని మనము పొగడుచున్నాము. ఆ త్యాగమునకు వారసురాలు కూతురేయని గుర్తింపకున్నాము.

మూడవ ప్రతిపాదన ‘తరువాత’ అను వాగ్దానము. లెక్క వేసి చూతము. ఇరువదియెనిమిదవ యేట తొలిచూలు, మఱి మూడేండ్లకు మలిచూలు కలిగిన తల్లికి, చిన్నబిడ్డ పదునెనిమిదేండ్లు నిండునప్పటికి నలువదితొమ్మిదేండ్లు వచ్చును. అప్పటికి అత్తమామలు వృద్ధులై పరిచర్య కోరుదురు. అటుపై కూతురికి పురుడు పోయవలెను. కూతురు అమెరికాలో నున్నచో ఆరునెలలు అక్కడ నుండి మనుమని చూచుకొనవలెను. పిమ్మట కోడలికి కాన్పు. మొదటి బిడ్డ పేర వాయిదా పడిన సాధన మనుమల పేర మరల వాయిదా పడును. వాగ్దానము చేసినవారిలో ఒక్కరును ఆనాడు వచ్చి, ఇదిగో నీ కాలము నీకు ఇచ్చివేయుచున్నామని చెప్పరు.

పోనీ, కాలము దొరకినదే యనుకొందము. సాధన యింతకాలమును ఆగినచోటనే నిలిచియుండునా? వైణికుల యెడమచేతి వ్రేళ్లకొనలు తంతి రాపిడికి కాయలు కాచియుండును. కొన్ని నెలలు మానినచో అవి మెత్తబడి, మరల మీటబోయిననాడు తంతి కోసినట్లు బాధించును. కంఠము పైస్థాయిని మఱచును. నర్తకి మోకాళ్లు అరమండికి లొంగవు. వ్రాయువారికి వాక్యము పట్టుచిక్కదు. ఇవన్నియు అభ్యాసముచేత కొంత తిరిగి రావచ్చును. తిరిగి రానిది ‘ఇది నా పని’ అను విశ్వాసము. ఇరువదేండ్లు తన విద్యను చివరి వరుసలో నిలువబెట్టిన మనిషికి, దానిని ముందునకు పిలుచు ధైర్యము ఎక్కడినుండి వచ్చును?

ఫ్రాన్సు దేశమున మోరిసో అను ఇంటిపేరు గల అక్కచెల్లెండ్రు, ఎడ్మా, బెర్త్ అనువారు, కలిసి చిత్రలేఖనమును అభ్యసించిరి. 1869లో పెండ్లియైన ఎడ్మా కుంచెను విడిచెను. విడిచినందుకు వగచుచు చెల్లెలికి ఉత్తరములు వ్రాసెను. 1872లో బెర్త్ చిత్రించిన ‘ఉయ్యెలతొట్టె’ నేడు లోకప్రసిద్ధము. అందు తొట్టెప్రక్కన కూర్చుండి నిద్రించు పాపను చూచుచున్న తల్లి ఎడ్మాయే. ఒక చిత్రకర్త్రి చిత్రమునకు వస్తువుగా మాత్రమే మిగిలిన విషాదమది. బెర్త్‌కును పెండ్లి యయ్యెను, 1878లో కూతురు జూలీ పుట్టెను. కాని ఆమె కుంచెను విడువలేదు. ఆమెకు ధనమును దాదులును గలరన్నది నిజము. అంతకంటె ముఖ్యమైన నిజము ఆమె 1881లో బూజివాల్ తోటలో గీసిన చిత్రమునందు కనబడును: తండ్రి కూర్చుండి కూతురిని ఆడించుచున్నాడు; తల్లి చిత్రము గీయుచున్నది. అక్కచెల్లెండ్ర యిద్దరి యిండ్లలోను బిడ్డలు గలరు. వ్యత్యాసము బిడ్డలలో లేదు. ఇంటి యేర్పాటులో నున్నది.

వివాదముయొక్క మూలము ఇచ్చటనే కలదు. భారత ప్రభుత్వపు గణాంకకార్యాలయము 2019లో జరిపిన కాలవినియోగ సర్వేక్షణము ప్రకారము, జీతము లేని ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు దానికి వెచ్చించుచుండగా, ఆ పని చేయు పురుషులు వెచ్చించునది 97 నిమిషములు. అదియును ఆ పనికి చేయివేయు పురుషులే నూటికి ఇరువదియారుగురు, స్త్రీలు ఎనుబదియొక్కరు. దాదాపు ఐదుగంటలు వంటయింటికి, అంట్లకు, బట్టలకు పోవుచుండగా, సాధనకు అరగంట దొరకకపోవుటకు కారణము పసివాడని చెప్పుట ఎంతటి అపవాదము! బిడ్డ అడుగునది పాలు, ఒడి, మాట. మడతలు నలుగని చీరలను, మూడుపూటల మూడు వంటలను, వచ్చిపోవు చుట్టములకు మర్యాదలను బిడ్డ అడుగలేదు. పెద్దలు కోరు సౌఖ్యములకెల్ల పసివానిని పూచీదారుగా నిలబెట్టుట న్యాయము కాదు.

వంగదేశమున పందొమ్మిదవ శతాబ్దమున రాససుందరీదేవి అను గృహిణి యుండెను. ఆమె పండ్రెండుగురు బిడ్డల తల్లి. స్త్రీ చదువుకొనుట పాపమని లోకము నమ్మిన ఆ కాలమున, ఆమె చైతన్యభాగవతమునుండి ఒక పత్రమును తీసి, కొడుకు అక్షరములు దిద్దిన తాటియాకుతో పోల్చి చూచుకొనుచు, వంటయింటిలో ఎవరికంటను పడకుండ చదువ నేర్చుకొనెను. ఆమె వ్రాసిన ‘ఆమార్ జీవన్’ వంగభాషలో తొలి ఆత్మకథగా ప్రసిద్ధికెక్కినది. ఆమెను అక్షరమునకు దూరముగా నుంచినది బిడ్డలు గాదు, లోకాచారము. ఆమెకు అక్షరమును అందించినది బిడ్డ తాటియాకు.

ఈ యుదాహరణములన్నియు అసాధారణప్రతిభావంతులవి గదా, సామాన్యులకు ఇవి యెట్లు వర్తించునని చివరి యాక్షేపము రావచ్చును. అసాధారణులు కానివారి కళకు మన ముంగిళ్లే సాక్ష్యము. ధనుర్మాసమున చీకటితోనే లేచి, కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి, లెక్క తప్పకుండ గీతలు కలిపి, నెలపొడుగున నేటి ముగ్గు నిన్నటిది కాకుండ వేయు తల్లులు ఏ యకాడమీ బహుమానమును పొందినవారు కారు. వారిలో అనేకుల చంటిబిడ్డలు ఆ వేళ లోపల నిద్రించుచునే యుందురు. సంసారమునడుమ నిత్యము కళకు కొంత కాలమును కేటాయించుట మన సంస్కృతికి క్రొత్త కాదు. ఆ కేటాయింపు ముంగిలివరకు చెల్లును గాని కాగితమువరకు, తంబురవరకు చెల్లదనుటయే క్రొత్త. బహుమానములు గెలిచినవారిని నేను ఉదాహరించుట అందఱును అంతవారు కావలెనని గాదు. పసిబిడ్డలున్న యింట అంతటి కార్యమే సాధ్యమైనప్పుడు, సామాన్యురాలి అరగంట సాధన అసాధ్యమని చెప్పు హక్కు ఎవరికిని లేదని చూపుటకు.

అట్లయిన చేయవలసినదేమి? పురిటి నెలలలో, బిడ్డ జబ్బుపడిన దినములలో కళ ఆగును, ఆగవలెను. అది విరామమేగాని విసర్జనము కాదని ఇంటిల్లిపాదియు ఎఱిగియుండవలెను. తక్కిన కాలమున దినమునకు ఒక నియతవేళ, అరగంటయైనను, సాధనకు నిర్ణయింపబడవలెను. ఆ వేళ తండ్రి బిడ్డను చూచుకొనవలెను. అది ఆతడు భార్యకు చేయు సాయము కాదు, బిడ్డకు తండ్రిగా ఆతని కర్తవ్యము. ఆతడును కళాకారుడైనచో ఆమెయు ఆతనికి అట్టి వేళనే ఈయవలెను. వీణ అటుకమీద గాక హాలులో నుండవలెను. రంగులు పెట్టెలో గాక బల్లమీద నుండవలెను. కాలము తక్కువైనప్పుడు పరికరమును వెదకుటకే అది వ్యయము కారాదు. బిడ్డకు ప్రక్కన ఒక కాగితము, ఒక రంగుపెన్సిలు ఈయుడు; పాడుకొనుచున్నచో తాళము వేయనిండు. సాహిత్యసభలు జరుపువారు ఒక మూల పిల్లలకు చాప పరచి, వారిని కనిపెట్టుటకు ఒకరిని నియమింపుడు. సభలో పసివాని గొంతు వినబడినంతనే తల్లి సిగ్గుతో లేచిపోవలసిన దుఃస్థితిని తొలగింపుడు. ఇవేవియు ధనముతో గాని మేధతో గాని కూడిన పనులు కావు. మనసు పెట్టినచో రేపటినుండియే చేయదగినవి.

"పిల్లలు పెద్దవాళ్లవనీ" అను మాటను వాత్సల్యముతోనే పలుకు పెద్దలను నేను ప్రార్థించునది ఒక్కటే. ఆ మాటతో మీరు బిడ్డకు తల్లిని సమకూర్చుచున్నామని తలంచుచున్నారు. వాస్తవమునకు ఆ తల్లిలోని సగము మనిషిని బిడ్డకు దక్కకుండ చేయుచున్నారు. పాట వచ్చిన తల్లికి పుట్టిన బిడ్డకు ఆ పాటమీద హక్కు కలదు. బొమ్మ గీయు తండ్రికి పుట్టిన బిడ్డకు ఆ గీతమీద హక్కు కలదు. ఆ హక్కు బిడ్డ పెరుగుచున్న దినములలోనే చెల్లింపవలసినది. పెరిగిపోయిన బిడ్డకు దానిని చెల్లించు మార్గము లేదు. కావున బిడ్డ పేర కళను ఆపుడని చెప్పు నోళ్లతో, ఆ బిడ్డ పేరనే దానిని సాగింపుడని చెప్పవలసిన బాధ్యత మన తరముమీద నున్నది.